ప్రశ్నలు వేయడానికి వచ్చిన రాణి

బైబిల్లో షేబ రాణికి దక్కిన చోటు చాలా చిన్నది. మొదటి రాజుల గ్రంథం 10వ అధ్యాయంలో 13 వచనాలు, అందులోనూ రెండు వచనాలు తూరు రాజు హీరాము ఓడల గురించి. అదే కథ రెండో దినవృత్తాంతముల గ్రంథం 9వ అధ్యాయంలో ఇంకోసారి వస్తుంది. ఆమె పేరేమిటో చెప్పలేదు. వయసు, రూపం, పెళ్లి, పిల్లలు, ఏ ఒక్కటీ లేదు. దేశం పేరు ఉంది గానీ అది ఎక్కడుందో లేదు. అలాంటి మనిషిని యూదులు, క్రైస్తవులు, ముస్లింలు అందరూ తమ కథల్లోకి తెచ్చుకున్నారు. యెమెన్ వాళ్లు మా రాణి అన్నారు, ఇథియోపియా వాళ్లు మా రాణి అన్నారు, నైజీరియాలో ఆమె సమాధి ఇదేనని ఒక ఊరు చూపిస్తుంది. ఒక దేశమైతే ఏకంగా రాజ్యాంగంలోనే ఆమెను రాసుకుంది.

ఇన్ని కథలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండడం వల్ల ఏది బైబిలుదో, ఏది ఖుర్ఆన్‌దో, ఏది ఆ తరవాత ఎవరో చేర్చిందో చాలామందికి తెలియదు. అందుకే ముందు అసలు కథ చూద్దాం.

ఇశ్రాయేలు రాజు సొలొమోను కీర్తి విని, చిక్కు ప్రశ్నలతో అతన్ని పరీక్షించడానికి రాణి పెద్ద పరివారంతో యెరూషలేము వచ్చింది. ఒంటెల నిండా సుగంధ ద్రవ్యాలు, బంగారం, రత్నాలు. మనసులో ఉన్నవన్నీ అడిగింది. అతను అన్నిటికీ జవాబు చెప్పాడు. అతను కట్టించిన నగరు, భోజనపు బల్ల, కొలువు తీరిన సేవకులు, అన్నీ చూసి ఆమెకు నోట మాట రాలేదు. తాను విన్నది సగం కూడా కాదని ఒప్పుకుంది. 120 తలాంతుల బంగారం కానుకగా ఇచ్చింది, అంటే ఇప్పటి లెక్కలో సుమారు నాలుగు టన్నులు. సొలొమోను ఆమె కోరినదంతా ఇచ్చాడు. ఆమె తన వాళ్లతో స్వదేశానికి వెళ్లిపోయింది.

ఇందులో రెండు ఖాళీలు ఉన్నాయి. ఆమె అడిగిన ప్రశ్నలేమిటో రాయలేదు. ఆమె "కోరినదంతా" అంటే ఏమిటో రాయలేదు. తరవాతి శతాబ్దాల్లో పుట్టిన కథలన్నీ ఈ రెండు ఖాళీల్లోంచే మొలిచాయి. ఇంకో విషయం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. బైబిల్లో పరీక్ష పెట్టేది ఆమె. జవాబు చెప్పాల్సింది సొలొమోను. తరవాతి కథల్లో దాదాపు ప్రతి చోటా ఇది తిరగబడింది. పరీక్ష పెట్టేది అతను, నిలబడాల్సింది ఆమె. ఏ సమాజం ఆమెను ఏ పరీక్షకు పెట్టిందో చూస్తే, ఆ సమాజానికి దేని గురించి భయమో, దేని మీద ఆశో తెలిసిపోతుంది.

ముందుగా దేశం సంగతి. ఆమెది ఆఫ్రికానా, అరేబియానా అనే గొడవ తరవాత వాళ్లు పెట్టుకున్నది కాదు, బైబిల్లోనే ఉంది. ఆదికాండం 10వ అధ్యాయంలో షేబ అనే పేరు రెండుసార్లు వస్తుంది. ఒకసారి హాము వంశంలో, కూషు మనవడిగా. ఇంకోసారి షేము వంశంలో, యొక్తాను కొడుకుగా. కూషు అంటే ఈజిప్టుకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా ప్రాంతం. యొక్తాను సంతతి అంటే అరేబియా. 25వ అధ్యాయంలో మూడోసారి అదే పేరు అబ్రాహాము మనవడికి ఉంది. కాబట్టి ఎవరికి కావలసిన దారి వాళ్లకు దొరికింది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో యూదు చరిత్రకారుడు జోసిఫస్ ఆమెను ఈజిప్టు, ఇథియోపియాల రాణిగా రాసి, నికౌలే అని పేరు కూడా పెట్టాడు. అప్పటి నుంచి ఆఫ్రికా దారి స్థిరపడింది.

ప్రశ్నల ఖాళీని యూదు పండితులు తమ పద్ధతిలో నింపారు. సామెతల గ్రంథం మీద వచ్చిన మిద్రాష్‌లో, అంటే యూదు పండితుల వ్యాఖ్యానంలో, నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. అవి అచ్చంగా మన పొడుపుకథల్లాంటివే. ఒకటి ఇలా ఉంటుంది: ఏడు వెళ్లిపోతాయి, తొమ్మిది లోపలికి వస్తాయి, రెండు పోస్తాయి, ఒకటి తాగుతుంది. విప్పితే, బహిష్టు ఏడు రోజులు, కడుపుతో ఉన్న తొమ్మిది నెలలు, రెండు స్తనాలు, ఒక బిడ్డ. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఆడవాళ్లకు మాత్రమే అనుభవంలో ఉన్న లెక్కతో ఒక రాజు తెలివిని తూచిన రాణిని ఎవరో ఊహించారు. అక్కడ ఆమె ఇంకా పరీక్ష పెట్టే మనిషే.

ఎస్తేరు గ్రంథానికి అరమాయిక్‌లో వచ్చిన 'తార్గుమ్ షేని' అనే వ్యాఖ్యానంలో కథ మలుపు తిరుగుతుంది. ఇక్కడ సొలొమోను పక్షులను, జంతువులను, భూతాలను కూడా శాసించే రాజు. ఒక పక్షి కనిపించకుండా పోయి తిరిగి వచ్చి, తూర్పున ఒక స్త్రీ ఏలే దేశం ఉందని చెబుతుంది. లొంగకపోతే దండు వస్తుందని అతను లేఖ పంపుతాడు. ఆమె వచ్చేసరికి గాజు మందిరంలో కూర్చుని ఉంటాడు. అది నీళ్లనుకుని ఆమె బట్టలు పైకి ఎత్తుతుంది. కాళ్ల మీద వెంట్రుకలు కనిపిస్తాయి. నీ అందం ఆడవాళ్ల అందమే గానీ ఈ వెంట్రుకలు మగవాళ్లవి, అవి మగవాడికి శోభ, ఆడదానికి అవమానం అని సొలొమోను అంటాడు. ఆమె ఆ మాటకు బదులివ్వకుండా మూడు పొడుపుకథలు అడుగుతుంది.

ఖుర్ఆన్‌లో ఈ కథ 27వ సూరా (అధ్యాయం) 'అన్-నమ్ల్'లో, 20 నుంచి 44 వరకు ఉన్న ఆయత్‌లలో (వచనాల్లో) వస్తుంది. తార్గుమ్ షేనితో పోలికలు ఎక్కువే, అయితే ఆ వ్యాఖ్యానం ఎప్పటిదో పండితుల్లో ఏకాభిప్రాయం లేదు కాబట్టి ఏది ముందని తేల్చడం కష్టం. పక్షుల కొలువులో హుద్‌హుద్ కనిపించకపోవడంతో ప్రవక్త సులైమాన్ (బైబిల్లోని సొలొమోనే) ఆగ్రహిస్తారు. తలపై ఈకల కుచ్చు ఉన్న ఆ చిన్న పక్షి తిరిగి వచ్చి సబా (షేబ) నుంచి ఖాయమైన వార్త తెచ్చానంటుంది: అక్కడ ఒక స్త్రీ ఏలుతోంది, ఆమెకు గొప్ప సింహాసనం ఉంది, ఆమె ప్రజలు సూర్యుణ్ని పూజిస్తున్నారు. 2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తుపానుకు ఒమన్ ఇచ్చిన పేరు ఈ పక్షిదే. ఆ పేరు మనకు కూలిన చెట్లతోనే గుర్తుండిపోయింది గానీ, అరబ్బు ప్రపంచంలో అది ఒక రాణికీ ఒక ప్రవక్తకూ మధ్య కబురు మోసిన పక్షి.

ఖుర్ఆన్‌లోని రాణి వివేకవంతురాలు. లేఖ అందగానే ప్రముఖులను పిలిచి, మీతో చర్చించకుండా ఏ నిర్ణయమూ తీసుకోను అంటుంది. వాళ్లు మాకు బలముంది, యుద్ధానికి సిద్ధం అంటారు. రాజులు ఒక ఊరిలోకి చొరబడితే దాన్ని నాశనం చేస్తారు, అక్కడి గౌరవనీయులను హీనపరుస్తారు అని ఆమె వాళ్లను ఆపి, ముందు కానుకలు పంపి చూస్తుంది. ఆయన కానుకలు తిప్పి పంపుతారు. ఆమె బయలుదేరి వచ్చేలోపే ఆమె సింహాసనం కనురెప్పపాటులో ఆయన కొలువులో ఉంటుంది. దాని రూపు కొంచెం మార్చి, నీ సింహాసనం ఇలాంటిదేనా అని అడిగితే, అదే అనిపిస్తోంది అంటుంది. అవుననీ కాదు, కాదనీ కాదు. రాజనీతి తెలిసిన మనిషి జవాబు అది.

తరవాత గాజు నేల. నీటి మడుగనుకుని ఆమె పిక్కల దాకా బట్ట పైకెత్తుతుంది. ఇది చదివితే తెలుగువాళ్లకు మయసభ గుర్తుకు రాక మానదు. స్ఫటికపు నేలను నీళ్లనుకుని దుర్యోధనుడూ బట్టలు పైకెత్తుకున్నాడు. ఒకదాన్నుంచి ఇంకొకటి వచ్చిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. తేడా మాత్రం ఆలోచించదగ్గది. దుర్యోధనుడు ఆ భ్రమను అవమానంగా తీసుకుని పగ పెంచుకున్నాడు. ఈ రాణి, కంటికి కనిపించినదాన్ని నమ్మి పొరబడ్డానని గ్రహించి, సూర్యుణ్ని పూజించడమూ అలాంటిదేనని తెలుసుకుంటుంది. సులైమాన్‌తో పాటు నేనూ సర్వలోకాల ప్రభువుకు విధేయురాలినవుతున్నాను అంటుంది. ఆమె లొంగింది రాజుకు కాదు, దేవుడికి. ఖుర్ఆన్‌లో పెళ్లి మాట లేదు, వెంట్రుకల మాట లేదు, ఆమె పేరు కూడా లేదు.

బిల్కీస్ అనే పేరు తరవాతి వ్యాఖ్యాతల దగ్గర దొరుకుతుంది. 11వ శతాబ్దపు అల్-సఅలబీ వంటివాళ్లు ప్రవక్తల కథలు రాస్తూ చాలా వివరాలు చేర్చారు. ఆమె తల్లి జిన్ను జాతి స్త్రీ అన్నారు. సులైమాన్ ఆమెను పెళ్లాడతాడేమోనని భయపడిన జిన్నులు ఆమె కాళ్లు గాడిద గిట్టల్లా ఉంటాయని పుకారు పుట్టించాయన్నారు. గాజు నేల మీద చూస్తే కాళ్లు చక్కగానే ఉన్నాయి, వెంట్రుకలు మాత్రం ఉన్నాయి. వాటిని పోగొట్టడానికి మొదటిసారి ఒక లేపనం తయారైందట. రాజ్యం ఏలే స్త్రీని చూసి కలిగిన బెరుకు ఇక్కడ ఆమె కాళ్ల దగ్గరికి చేరింది. మగవాళ్ల పని చేసే ఆడదాని ఒంట్లో ఎక్కడో మగ లక్షణమో, జంతు లక్షణమో ఉండి తీరాలని ఈ కథకులు అనుకున్నారు. యూరప్ కథల్లో అదే కాలు బాతు కాలు అయింది. ఉత్తర ఇథియోపియా జానపద కథలో, కొండచిలువ లాంటి ఒక రాకాసి పాము రక్తం పడి గాడిద కాలు అయింది. మతాలు వేరు, భాషలు వేరు, కాలి మీద అనుమానం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఇథియోపియాలో ఆమె పేరు మకెడా. అక్కడి కథ ఇథియోపియా ప్రాచీన భాష గీజ్‌లో ఉన్న 'కెబ్ర నగస్త్' అనే గ్రంథంలో ఉంది. రాజుల వైభవం అని దాని అర్థం. 14వ శతాబ్దం మొదట్లో అక్సుమ్ మతాధికారి యిస్హాక్ ఆధ్వర్యంలో ఇప్పటి రూపానికి వచ్చింది. ఇందులో తమ్రిన్ అనే వర్తకుడు ఉంటాడు. 520 ఒంటెలు, 73 ఓడలు ఉన్న ఆసామి. దేవాలయం కట్టడానికి సొలొమోనుకు సరుకు చేరవేసి వచ్చి, అతని తెలివి గురించి రోజూ మకెడాకు చెబుతాడు. ఆమె జ్ఞానం కోసం ప్రయాణం కడుతుంది. ఒక రాణి చదువు మీద మోజుతో బయలుదేరిందని చెప్పే ఈ భాగం ఆ గ్రంథంలో చాలా అందంగా ఉంటుంది.

వెళ్లబోయే ముందు రాత్రి సొలొమోను ఆమెకు విందు ఇస్తాడు. కావాలనే కారం, మసాలాలు దట్టించిన వంటలు పెట్టిస్తాడు. రాత్రి ఇక్కడే ఉండమంటాడు. నన్ను బలవంతం చేయనని ఒట్టు వేయమని ఆమె అంటుంది. సరే, నువ్వు కూడా నా ఇంట్లో ఏదీ బలవంతంగా తీసుకోనని ఒట్టు వేయమంటాడు. నడిరాత్రి దాహంతో గొంతు ఎండిపోయి ఆమె గదిలో పెట్టిన నీళ్ల వైపు చెయ్యి చాపుతుంది. అతను చెయ్యి పట్టుకుని ఒట్టు తప్పావంటాడు. నీళ్లకు కూడానా అంటే, లోకంలో నీటిని మించింది ఏముంది అంటాడు. ఆమె తన ఒట్టే తప్పానని ఒప్పుకుంటుంది. అతని ఒట్టు కూడా అక్కడితో తీరిపోతుంది. గ్రంథం దీన్ని సొలొమోను తెలివిగా చెప్పినా, నేను దీన్ని మోసం అనే అంటాను. ప్రశ్నలు వేయడానికి వచ్చిన మనిషిని దాహంతో ఓడించడం తెలివి కాదు.

కథ అక్కడితో ఆగి ఉంటే ఇది కూడా మిగతావాటిలా ఉండేది. ఇథియోపియన్లు ఇక్కడి నుంచి దాన్ని పూర్తిగా తమవైపు తిప్పుకున్నారు. ఆ రాత్రే సొలొమోనుకు కల వస్తుంది, సూర్యుడు ఇశ్రాయేలును విడిచి ఇథియోపియా మీద ప్రకాశిస్తాడు. మకెడాకు పుట్టిన కొడుకు మెనెలిక్ పెద్దవాడై తండ్రిని చూడ్డానికి వెళతాడు. ఇక్కడే ఉండి ఏలుకోమని తండ్రి అడిగినా ఒప్పుకోడు. తిరిగి వచ్చేటప్పుడు అతనితో పంపిన యూదు పెద్దల జ్యేష్ఠ కుమారులు యెరూషలేము దేవాలయంలోంచి నిబంధన మందసాన్ని, అంటే పది ఆజ్ఞల రాతి పలకలున్న పవిత్రమైన పెట్టెను, రహస్యంగా తెచ్చేస్తారు. దేవుడు ఒప్పుకున్నాడు కాబట్టే అది కదిలిందని గ్రంథం చెబుతుంది. తెలివితో గెలిచాననుకున్న రాజు దేవుడి సన్నిధినే పోగొట్టుకున్నాడు. బైబిల్లో "కోరినదంతా ఇచ్చాడు" అన్న ఖాళీలో వీళ్లు ఒక కొడుకునూ మందసాన్నీ పెట్టారు.

ఈ కథకు రాజకీయ అవసరం ఉంది. 1270లో యెకునో అమ్లాక్ అప్పటిదాకా ఇథియోపియాను ఏలుతున్న జాగ్వే వంశాన్ని కూల్చి సింహాసనం ఎక్కాడు. తమది సొలొమోను రక్తమని, జాగ్వేలది కాదని ఆ కొత్త వంశం చెప్పుకుంది. తర్వాతి తరాల్లోనే కెబ్ర నగస్త్ తయారైంది. అలాగని దీన్ని రాజుల ప్రచారమని తీసిపారేయడం తప్పు. మందసం అక్సుమ్‌లోని మరియ సియోను చర్చిలో ఉందని ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈ రోజుకీ నమ్ముతారు. ప్రతి చర్చిలోనూ మందసంలోని పలకలకు ప్రతిరూపమైన తాబోత్ ఉంటుంది. అది లేకపోతే ఆ చోటును చర్చిగా లెక్కపెట్టరు. మకెడా కథ అక్కడ పుస్తకంలో కాదు, ఆరాధనలో బతుకుతోంది.

1868లో బ్రిటిష్ సైన్యం ఇథియోపియాలోని మగ్దలా కోటను కొట్టి వందల కొద్దీ రాతప్రతులు ఎత్తుకెళ్లింది. అందులో ఈ గ్రంథం కూడా ఉంది. నాలుగేళ్లకు చక్రవర్తి నాలుగో యొహన్నెస్ లండన్‌కు లేఖ రాశాడు. ఇథియోపియా ధర్మమంతా ఆ పుస్తకంలో ఉంది, అది లేకపోతే నా ప్రజలు నా మాట వినరు, తిరిగి ఇవ్వండి అని. దోచుకున్న వాటిలో తిరిగి వెళ్లినవి తక్కువ. ఇది మాత్రం వెళ్లింది. 1955 ఇథియోపియా రాజ్యాంగం రెండో అధికరణం చక్రవర్తి హైలే సెలాసీ వంశం ఇథియోపియా రాణి, షేబ రాణి కుమారుడైన మొదటి మెనెలిక్ నుంచి తెగకుండా వస్తోందని ప్రకటించింది. 1974 సెప్టెంబర్‌లో సైన్యం ఆయనను దించేదాకా అది చట్టం. ఆయనను దైవంగా కొలిచే జమైకా రాస్తఫారీల విశ్వాసానికీ ఈ వంశవృక్షమే ఆధారం.

ఇంత గౌరవం దక్కిన మకెడా ఏం పోగొట్టుకుందో కూడా చెప్పాలి. కెబ్ర నగస్త్‌లో చివరికి ఆమె తన కొడుకుకు సింహాసనం అప్పగించి, ఇకపై ఇథియోపియాను స్త్రీ ఏలకూడదని పెద్దలతో ప్రమాణం చేయిస్తుంది. వంశానికి మూలం ఆమే, అధికారం మాత్రం ఆమెతోనే ఆఖరు. ఆ నియమాన్ని దాటి 1916లో జౌదీతు చక్రవర్తిని అయ్యి 1930 వరకు గద్దె మీద ఉంది. అయితే ఆమె పక్కనే ప్రతినిధిగా, వారసుడిగా ఒక మగవాణ్ని కూర్చోబెట్టారు. ఆయనే తరవాత హైలే సెలాసీ అయ్యాడు.

యూరప్ క్రైస్తవులకు ఆమె దారి యేసు మాట నుంచి మొదలైంది. మత్తయి సువార్త 12వ అధ్యాయంలో దక్షిణదేశపు రాణి సొలొమోను జ్ఞానం వినడానికి భూమి అంచుల నుంచి వచ్చిందని, తీర్పు దినాన ఈ తరం మీద నేరం మోపుతుందని ఆయన అంటాడు. తెలుగు చర్చిల్లో ఆమె మీద ప్రసంగం విన్నవాళ్లు ఎక్కువగా విన్నది ఈ కోణమే, వెతుక్కుంటూ వచ్చిన అన్యురాలు. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఒరిజెన్ ఆమెను పరమగీతములోని నల్లని సుందరితో కలిపి, అన్యజనుల నుంచి ఏర్పడిన సంఘానికి గుర్తుగా చూశాడు. ఆస్ట్రియాలోని క్లోస్టర్‌న్యూబర్గ్‌లో 1181లో వెర్డన్ నికొలస్ చేసిన బలిపీఠం మీద ఆమె నల్లజాతి స్త్రీగా కనిపిస్తుంది. ఆ తరవాత చాలామంది చిత్రకారులు ఆమెను తెల్లగా, తమ ఊరి దొరసానిలా గీశారు. ఇటలీలోని అరెజ్జో చర్చి గోడ మీద పియెరో దెల్లా ఫ్రాన్చెస్కా చిత్రించిన రాణి కూడా అలాంటిదే. అందులో ఆమె ఒక దుంగ ముందు మోకరిల్లి ఉంటుంది. భవిష్యత్తులో సిలువగా మారబోయే చెక్క అదేనని ఆమెకు తెలిసిపోయిందట. ప్రశ్నలు వేసిన మనిషి ఇక్కడ జోస్యం చెప్పే మనిషి అయింది.

నైజీరియాలో ఇజెబు ఓడె దగ్గర ఓకే ఎరి అనే ఊళ్లో బిలికిసు సుంగ్బో సమాధి ఉంది. ఆ ప్రాంతాన్ని చుట్టి సుమారు 160 కిలోమీటర్ల పొడవున మట్టికట్ట, కందకం ఉన్నాయి. సంతానం లేని, సంపన్నురాలైన సుంగ్బో తన గుర్తుగా దాన్ని తవ్వించిందని యోరుబా వాళ్ల కథ. బిలికిసు అంటే బిల్కీసే. ఇస్లాంతో వచ్చిన పేరు స్థానిక రాణికి తోడైంది. ఆ కట్టడం సొలొమోను కాలం కంటే వెయ్యేళ్లకు పైగా తరవాతిది. అయినా ఇక్కడి రాణిని ఎవరూ పరీక్షించలేదు, ఎవరూ కాళ్లు చూడలేదు. ఆమె ఒక మహా నిర్మాణం చేయించిన నాయకురాలు, అంతే. అందుకే ఈ కథ నాకు ఊరటగా ఉంటుంది.

మరి చరిత్రలో ఆమె ఉందా? సబా రాజ్యం నిజంగా ఉంది. యెమెన్‌లోని మారిబ్ దాని రాజధాని. సాంబ్రాణి, బోళం వ్యాపారంతో అది పెరిగింది, పెద్ద ఆనకట్ట కట్టుకుంది. అక్కడి అవామ్ గుడిని స్థానికులు మహ్రమ్ బిల్కీస్ అంటారు. కానీ అది సబా వాళ్లు కొలిచిన అల్మకహ్ దేవుడి గుడి. 1951-52లో అమెరికన్ బృందం తవ్వకాలు మొదలుపెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా వేల శాసనాలు చదివారు. సబాను ఏలిన రాణి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. అసీరియా రాజుల శాసనాల్లో మాత్రం క్రీస్తు పూర్వం 8వ శతాబ్దంలో ఉత్తర అరేబియాను ఏలిన జబిబె, సంసి అనే రాణులు ఉన్నారు. ఒంటెలతో వచ్చిన అరబ్బు రాణి అన్న ఊహ గాలిలోంచి పుట్టింది కాదన్నమాట.

యెమెనా, ఇథియోపియానా అన్న తగువుకు కూడా నేల వేరే జవాబు చెబుతోంది. ఉత్తర ఇథియోపియాలోని యెహాలో సబా పద్ధతిలో కట్టిన రాతి గుడి ఇంకా నిలబడి ఉంది. దాని కాలం క్రీస్తు పూర్వం మొదటి సహస్రాబ్ది. ఆ చుట్టుపక్కల సబా లిపిలో శాసనాలు, అల్మకహ్ పూజ జరిగిన గుళ్లు దొరికాయి. ఎర్ర సముద్రం ఆ మనుషులకు హద్దు కాదు, రాకపోకల దారి. మారిబ్‌లోని సబా కట్టడాలను యునెస్కో 2023 జనవరిలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యెమెన్‌లో యుద్ధం వల్ల అదే రోజు ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలోనూ పెట్టింది. ఆ ప్రాంతంలో చాలా భాగం ఇంకా ఇసుక కిందే ఉంది.